మారతహళ్లి బొమ్మల షాపు: గాగుల్స్ తీసుకోండి, సీటు ట్యూబ్ జోలికి పోకండి

ఎండలు ముదిరాయంటే మా అపార్ట్‌మెంట్ పూల్ నిండా పిల్లలే. బెంగళూరులో ఇప్పుడు ఎక్కడ చూసినా ఇదే వరస కాబట్టి, మారతహళ్లిలో చిన్న చిన్న షాపుల ముందు కూడా ట్యూబులు, గాలి బాతులు, చేతి బ్యాండ్లు తోరణాల్లా వేలాడుతున్నాయి. అలాంటి ఒక షాపు గురించే ఈ రివ్యూ. పేరు రాయడం లేదు, ఇదే సరుకు చుట్టుపక్కల ఇంకా చాలా చోట్ల కనిపించింది.

ముందు బాగున్నవి చెప్తాను. గాగుల్స్, క్యాపులు, పిల్లల స్విమ్ సూట్లు అన్ని సైజుల్లో ఉన్నాయి, వేసి చూసుకోనిస్తారు, రేటు మాల్ కంటే బాగా తక్కువ. కౌంటర్ దగ్గరి అబ్బాయి మదనపల్లె వైపు వాడు, తెలుగులోనే ఓపిగ్గా అన్నీ తీసి చూపించాడు.

రెండేళ్ల మా అక్క కూతురి కోసం సీటు ట్యూబ్ తీసుకున్నాం, అదే, చుట్టూ గాలి రింగు ఉండి మధ్యలో కాళ్లు దూర్చుకోవడానికి రెండు కంతలుంటాయే, అది. 450 రూపాయలు. ఇంటికొచ్చి ఊదితే బిరడా ఎంత నొక్కినా లోపలికి పోదు, వేలి కణుపంత బయటికే ఉంటుంది, అదీ సరిగ్గా పిల్ల నోటికి అందే చోట. బిరడా లాగితే చాలు, గాలి బుస్సున పోతుంది, లోపల ఆపే రేకు లాంటిది ఏమీ లేదు. ఇక సీటు చూస్తే పల్చటి ప్లాస్టిక్‌ని రింగుకి అతికించారు అంతే. నాకు అక్కడే అనుమానం వచ్చింది, ఎందుకంటే 2009లో అమెరికాలో ఆక్వా లీజర్ అనే కంపెనీ ఇలాంటి బేబీ ఫ్లోట్లనే దాదాపు 40 లక్షలు వెనక్కి తీసుకుంది. కారణం ఈ సీటే, కాళ్ల దగ్గరి పట్టీలు చిరిగి పిల్లలు కిందికి జారిపోయేవాళ్లు. ట్యూబ్‌ని రెండు కుర్చీల మధ్య ఆనించి సీట్లో పది కిలోల సోనా మసూరి సంచి పెట్టాం, పిల్ల బరువు అంతకంటే కాస్త ఎక్కువే ఉంటుంది. కొద్దిసేపటికి కాలి కంత అంచున ప్లాస్టిక్ తెల్లబడింది, తర్వాత ఒక పక్క అతుకు టప్పున విడిపోయి సంచి నేల మీద పడింది. మా అక్క చాలాసేపు మాట్లాడలేదు. నీళ్లలో అయితే పిల్ల అరవదు కూడా, మునిగేటప్పుడు కేక వేసే ఊపిరి ఉండదు, పక్కన ఫోన్ చూసుకుంటున్న వాళ్లకి తెలియనే తెలియదు.

అట్టపెట్టె తిరగేసి చూశాను. తయారు చేసిన వాళ్ల పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు, ఇది ప్రాణం కాపాడే సాధనం కాదన్న హెచ్చరిక లేదు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబర్ ఉండాలి, ఆ నంబర్‌ని, ఈ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరికి ఇచ్చారో వస్తుంది. ఇక్కడ కొట్టడానికి నంబరే లేదు. మళ్లీ షాపుకి వెళ్లి అడిగితే ఓనర్, "మేడమ్, సీజన్ మొత్తం ఇవే అమ్ముతున్నాం, ఒక్క కంప్లైంట్ లేదు, కావాలంటే వేరే కలర్ తీసుకోండి" అన్నారు. రంగు మారిస్తే అతుకు గట్టిపడుతుందా? బిల్లు అడిగితే చీటీ మీద 450 అని రాసిచ్చారు.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఆ చీటీనే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంతో వచ్చిన సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీకి ప్రమాదకరమైన వస్తువుల్ని వెనక్కి తీసుకోమని ఆదేశించే అధికారం ఉంది, మంచిదే, కానీ రేపు నిజంగా ఆదేశం వచ్చినా దేన్ని వెనక్కి తీసుకుంటారు, ఎవరి దగ్గర్నుంచి? తయారీదారు ఎవరో తెలియదు, ఏ బ్యాచో తెలియదు, కొన్నవాళ్ల లెక్క షాపులో లేదు. ఎవరింట్లో వాళ్లకి అతుకు ఊడాకే తెలుస్తుంది.

అదే షెల్ఫులో డైవ్ స్టిక్స్ కూడా ఉన్నాయి, గట్టి ప్లాస్టిక్ కర్రలు, ఒక చివర బరువు ఉండటంతో నీళ్ల అడుగున నిటారుగా నిలబడతాయి. లోతు తక్కువ ఉన్న చోట పిల్లలు దూకినప్పుడో, చతికిలపడినప్పుడో అవి మలమూత్ర ద్వారాల దగ్గర గుచ్చుకుని ఘోరమైన గాయాలయ్యాయని 1999లో అమెరికా కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ సుమారు కోటీ 90 లక్షల కర్రల్ని వెనక్కి రప్పించింది, 2001లో అలా నిలబడే కర్రల్ని నిషేధించింది కూడా. అన్నేళ్ల కిందటి సంగతి, ఇక్కడ మాత్రం రంగురంగుల కట్టలుగా కట్టి పిల్లల కంటికి ఎదురుగా పెట్టారు. 2023లో జూరు కంపెనీ బేబీ షార్క్ స్నానం బొమ్మల్ని 75 లక్షలు వెనక్కి తీసుకున్నదీ ఇలాంటి కారణానికే, వీపు మీది గట్టి రెక్క పిల్లలకి గుచ్చుకునేది. పిల్లలు మునిగి ఏరుకునే ఆటే కావాలంటే అడుగున అడ్డంగా పడుండే రింగులు తీసుకోండి. షాపులోనే బకెట్ నీళ్లలో వేసి చూపించమనండి, నిలబడిందంటే వద్దు.

ఐదుకి రెండు ఇస్తున్నాను, గాగుల్స్‌కీ ఆ అబ్బాయి ఓపిక్కీ. డబ్బులు తిరిగి ఇవ్వలేదు. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, యూపీఐ రసీదు, పెట్టె ఫోటోలు, ఊడిన సీటు దాచి ఉంచాను. మీరూ ఈ చుట్టుపక్కల ఇలాంటి ట్యూబ్ కొని ఉంటే పిల్లని మళ్లీ కూర్చోబెట్టకముందే కాళ్ల కంతల చుట్టూ అతుకు లాగి చూడండి. తెల్లటి గీత కనిపిస్తే వేరే పిల్లలకి ఇవ్వకండి. ముందు ఫోటో తీసి 1915కి చెప్పండి, ఆ తర్వాత కత్తెరతో కోసేయండి.