హెన్రీనా, నేబర్సా?
కొందరు ఆటగాళ్లను మరుసటి ఏడాదికీ అట్టిపెట్టుకునే వీలున్న అమెరికన్ ఫ్యాంటసీ ఫుట్‌బాల్ (నిజమైన ఆటగాళ్లతో ఊహాజట్టు కూర్చి, వారి ఆటను బట్టి పాయింట్లు లెక్కించే పోటీ) కీపర్ లీగులో, 2024 సీజన్ ముగిశాక డెరిక్ హెన్రీని ఇచ్చి మలిక్ నేబర్స్‌ను తీసుకోవడం సబబేనా అన్నది నిదానంగా తూచి చూడవలసిన విషయం. బాల్టిమోర్ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) హెన్రీ ఆ సీజన్‌లో 325 సార్లు బంతి పట్టుకుని పరుగెత్తి 1,921 గజాలు, 16 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి చేసే స్కోర్లు) సాధించాడు. కానీ సీజన్ చివరికి అతనికి 31 ఏళ్లు నిండాయి, ఆ పరుగుల్లో చాలావరకు ఒంటి మీద దెబ్బతోనే ముగుస్తాయి. న్యూయార్క్ జెయింట్స్ రిసీవర్ (విసిరిన బంతిని అందుకునే ఆటగాడు) నేబర్స్ 21 ఏళ్లకే, తన తొలి సీజన్‌లో, 15 ఆటల్లో 109 క్యాచ్‌లు పట్టాడు. క్యాచ్‌కు ఒక పాయింటు ఇచ్చే లీగులో, గజాలను లెక్కించక ముందే అవి 109 పాయింట్లు. హెన్రీకి ఆ పద్దు కింద వచ్చినవి 19.

ఆ మరుసటి సీజన్‌లోనే టైటిల్ గెలవగల జట్టు హెన్రీని వదలకూడదు. మిగతావారికి అసలు లెక్క డ్రాఫ్టులోనే, అంటే జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకోవడంలోనే, ఉంది: హెన్రీని అట్టిపెట్టుకోవడానికి మొదటి రౌండు ఎంపికను, నేబర్స్ కోసం ఆరో రౌండు ఎంపికను వదులుకోవలసి ఉంటే, నేను సందేహం లేకుండా నేబర్స్ వైపే మొగ్గుతాను. అయితే వయసు ఒక్కటే భరోసా కాదు. 2025 సెప్టెంబరులో మోకాలి లిగమెంటు తెగి నేబర్స్ సీజన్ అక్కడితో ఆగిపోయింది. అందుకే ఇటువంటి మార్పిడిలో కుర్ర ఆటగాడితో పాటు ఒక డ్రాఫ్ట్ పిక్‌ను (డ్రాఫ్టులో ఎంపిక హక్కును) కూడా అడగడం న్యాయమే.