నూరు గ్రాముల తేడా చూపే కాటా: బేగంబజార్‌లో కొన్న తూకం యంత్రంతో ఏడాది అనుభవం

మా అమ్మాయి ఫ్రీస్టైల్ కుస్తీ ఆడుతుంది. వయసు పదిహేడేళ్లు, పోటీ పడుతున్న తరగతి 53 కిలోలు, అంటే పోటీ తూకంలో అంతకు మించకూడదు. మలక్‌పేటలో మా ఇంటికి దగ్గరగా ఉన్న తాలీంలో, అంటే కుస్తీ నేర్పే చోట, మూడేళ్లుగా సాధన చేస్తోంది. కుస్తీ ఆడే పిల్ల ఉన్న ఇంట్లో బరువు చూసే యంత్రం గ్యాస్ పొయ్యి అంత అవసరమైన వస్తువు కాబట్టి, నిరుడు బేగంబజార్‌లో కొన్న ప్లాట్‌ఫారం కాటా ఏడాది వాడకంలో ఎలా నిలిచిందో నాలాంటి తల్లిదండ్రుల కోసం వివరంగా రాస్తున్నాను.

అంతకుముందు మా దగ్గర ఆన్‌లైన్‌లో తెప్పించిన అద్దం పలక యంత్రం ఒకటి ఉండేది. ఎన్నిసార్లు ఎక్కినా ఒకే అంకె చూపేది కనుక అది నికార్సయినదని నమ్మాను. ఒక రోజు ఉదయం అమ్మాయి ఎక్కితే 53.4 చూపింది. దిగి, అర గ్లాసు నీళ్లు తాగి మళ్లీ ఎక్కినా 53.4 చూపింది. అనుమానం వచ్చి పావుకిలో కందిపప్పు పొట్లం చేతికిచ్చి ఎక్కించాను, అప్పుడూ అదే అంకె. బ్యాటరీ తీసి, మళ్లీ వేసి, ఆ పొట్లంతోనే ఎక్కిస్తే 53.8 అయింది. ఇలాంటి ఇంటి యంత్రాల్లో చాలావాటికి కిందటి తూకాన్ని గుర్తుంచుకొని, కొత్త తూకం దానికి దగ్గరగా ఉంటే పాత అంకెనే తిరిగి చూపే ఏర్పాటు ఉంటుందని ఆ తర్వాత తెలుసుకున్నాను. నెలకొకసారి బరువు చూసుకునేవారికి దానివల్ల వచ్చే నష్టం లేదు గానీ, పోటీకి వెళ్లే పిల్లకు అది అబద్ధం చెప్పే యంత్రమే.

గ్రాముల దగ్గర ఇంత పట్టింపు ఎందుకని బంధువులు అడుగుతూ ఉంటారు. వారికి నేను మల్లయోధురాలు వినేశ్ ఫోగాట్ క్రీడాజీవితాన్ని బరువుల వరుసలో చెబుతాను. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో ఆమె స్వర్ణం గెలిచింది 48 కిలోల తరగతిలో. 2016 ఏప్రిల్‌లో మంగోలియాలోని ఉలాన్‌బాతర్‌లో జరిగిన ఒలింపిక్ అర్హత పోటీలో 400 గ్రాములు ఎక్కువ తూగి బరిలోకి దిగకుండానే వెనుదిరిగింది. మరుసటి నెలలో ఇస్తాంబుల్‌లో గెలిచి రియోకు వెళ్లింది గానీ, అక్కడ క్వార్టర్ ఫైనల్లో మోకాలు దెబ్బతిని స్ట్రెచర్ మీద బయటికి వచ్చింది. 2018లో 50 కిలోల తరగతిలో కామన్వెల్త్ స్వర్ణంతో పాటు జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం కూడా సాధించి, ఆ ఘనత పొందిన తొలి భారత మహిళా మల్లయోధురాలయింది. తర్వాత 53 కిలోలకు పెరిగి 2019, 2022 ప్రపంచ పోటీల్లో కాంస్యాలు, 2022 బర్మింగ్‌హామ్‌లో మరో కామన్వెల్త్ స్వర్ణం తెచ్చింది. 2023లో ఆమె మోకాలికి శస్త్రచికిత్స జరిగింది, అదే ఏడాది ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచిన అంతిమ్ పంఘాల్ 53 కిలోల ఒలింపిక్ స్థానాన్ని దేశానికి సంపాదించింది. దాంతో ఆ తరగతిలో చోటు లేక వినేశ్ 29 ఏళ్ల వయసులో తిరిగి 50 కిలోలకు దిగవలసి వచ్చింది. ఎదిగిన ఒంటిని మూడు కిలోలు వెనక్కి తీసుకుపోవడం ఎంత కష్టమో ఆ ఒంటికే తెలియాలి.

2024 ఆగస్టు 6న పారిస్‌లో ఆమె తొలి కుస్తీ జపాన్‌కు చెందిన యుయి సుసాకీతో జరిగింది. సుసాకీ టోక్యో స్వర్ణ విజేత, అప్పటిదాకా విదేశీ మల్లయోధురాలి చేతిలో ఓడని మనిషి. చివరి క్షణాల దాకా 0-2తో వెనకబడి ఉన్న వినేశ్ ఒక్క పట్టుతో సుసాకీని కింద పడేసి 3-2తో గెలిచినప్పుడు మా ఇంట్లో అరుపులకు పక్కింటివారు తలుపు తట్టారు. అదే రోజు ఉక్రెయిన్, క్యూబా క్రీడాకారిణులను కూడా ఓడించి ఆమె ఫైనల్ చేరింది. మర్నాటి ఉదయం తూకంలో 100 గ్రాములు ఎక్కువ వచ్చింది. 2018 నుంచి ప్రతి తరగతి పోటీ రెండు రోజులు సాగుతోంది, రెండు ఉదయాలూ తూగాలి, ఒలింపిక్స్‌లో ఒక్క గ్రాము మినహాయింపు కూడా ఉండదు. రెండో రోజు తూకంలో తప్పితే ముందురోజు విజయాలతో సహా అన్నీ పోయి పేరు పట్టికలో అట్టడుగుకు చేరుతుంది. రాత్రంతా పరుగులు, ఆవిరి గదిలో చెమటలు, చివరికి జుట్టు కత్తిరించుకోవడం, ఏదీ ఆ నూరు గ్రాములను దించలేకపోయింది. ఆమె మర్నాడే ఆటకు వీడ్కోలు పలికింది, ఆగస్టు 14న క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆమె అప్పీలును తోసిపుచ్చింది. మా అమ్మాయి ఆ వారమంతా రాత్రిళ్లు సరిగా అన్నం తినలేదు. పెద్ద పోటీలకు ఇంకా ఎంతో దూరంలో ఉన్న పిల్ల కూడా అద్దం పలక మీద చూపు నిలిపి పెరుగన్నం పక్కకు నెట్టడం చూశాకే మంచి కాటా కొనాలని నిశ్చయించుకున్నాను.

బేగంబజార్ లోపలి గల్లీలో కాటాలు, తూకపు రాళ్లు అమ్మే ఒక పాత దుకాణానికి ఇద్దరం వెళ్లాం. "దేనికమ్మా, కిరాణా దుకాణానికా?" అని అడిగారు దుకాణదారు. "పాప కుస్తీ ఆడుతుంది సేఠ్‌గారూ, 53 కిలోల దగ్గర పది గ్రాముల తేడా కూడా తెలియాలి" అన్నాను. ఆయన మారుమాట లేకుండా ఒక ప్లాట్‌ఫారం కాటా బయటికి తీయించి, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఇరవై కిలోల రాళ్లు రెండు, పది కిలోల రాయి ఒకటి దాని మీద పెట్టించారు. తెర మీద 50.00 వచ్చింది. తర్వాత సొరుగులోంచి నూరు గ్రాముల ఇత్తడి రాయి తీసి, కాటా మీద కాకుండా ముందు మా అమ్మాయి అరచేతిలో పెట్టి, "దీనికే కదా బేటీ, ఆమె పతకం పోయింది" అన్నారు. అమ్మాయి గుప్పిట మూసి, తెరిచి, దాన్ని తనే పలక మీద ఉంచింది. తెర 50.10కి మారింది. ఆ అంకె చూశాక వేరే దుకాణానికి వెళ్లాలనిపించలేదు.

ఈ కాటా 100 కిలోల వరకు తూస్తుంది, పది గ్రాముల చొప్పున చూపుతుంది. పలక నలభై సెంటీమీటర్ల చదరం, కింద తిప్పుకునే నాలుగు కాళ్లు, సమతలం తెలిపే నీటి బుడగ ఉన్నాయి. రశీదుతో సహా రూ.6,800 అయింది. కొనేవారు తప్పనిసరిగా చేయించవలసిన పరీక్ష నాలుగు మూలలది: ఒకే రాయిని ఒక్కో మూలలో పెడితే నాలుగు చోట్లా ఒకే బరువు రావాలి. మాకు మూడు మూలల్లో 20.00, ఒక మూలలో 20.01 వచ్చింది. రాళ్ల మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో కూడా చూసుకోవాలి, తప్పుడు రాయితో సరిచూసిన కాటా ఎంత ఖరీదైనదైనా తప్పే చూపుతుంది.

వాడకంలో తృప్తి ఇచ్చిన విషయం నమ్మకం. అర గ్లాసు నీళ్లు తాగి ఎక్కితే ఆ నీళ్ల బరువు కనబడుతుంది. ఎండాకాలంలో రెండు గంటల సాధన తర్వాత ఒక కిలో పైచిలుకు దిగడం, రాత్రి అన్నంతో తిరిగి రావడం, నెలసరి ముందు ఐదారు వందల గ్రాములు ఊరికే పెరిగి తర్వాత వాటంతటవే పోవడం, ఇవన్నీ పుస్తకంలో రాసుకుంటూ పోయాక పిల్లకు తన ఒంటి తీరు అర్థమై భయం తగ్గింది. నాకు ఇదే అన్నిటికన్నా పెద్ద లాభంగా తోచింది. ఎంపిక పోటీలో అధికారుల కాటాకూ మాదానికీ ఇరవై గ్రాముల తేడా వచ్చింది. అసలు లెక్క వారిదే కనుక పోటీకి ముందు ఇంటి కాటా మీద 53 కిలోలకు వంద గ్రాములు తక్కువే ఉండేలా చూసుకుంటున్నాం.

లోపాలు కూడా ఉన్నాయి. ఫ్యాను గాలికి చివరి అంకె నిలవదు, ఆపి తూగాలి. అంకెల పెట్టె స్తంభం పొట్టిది కావడంతో వంగి చూడవలసి వస్తుంది, వంగితే అంకె కదులుతుంది. అందుకే నేను చదివి చెబుతాను. బ్యాటరీ రెండు రోజులని చెప్పారు గానీ ఒక రోజుకు మించి రాలేదు. మూడో నెలలో చార్జర్ చెడిపోతే, వారంటీ ఉన్నా యంత్రం మొత్తం తెమ్మన్నారు. పన్నెండు కిలోల వస్తువును ఆటోలో తీసుకెళ్లి ఇచ్చి, తొమ్మిది రోజుల తర్వాత తెచ్చుకున్నాం. ఇంత మంచి సరుకు అమ్మే దుకాణం ఒక చార్జర్ కోసం ఇలా తిప్పడం బాధ కలిగించింది. కొనేటప్పుడే రెండో చార్జర్ అడిగి తీసుకోండి.

పుస్తకంలోని ఆర్నెల్ల అంకెలు చూసి, తాలీంలో కుస్తీ నేర్పే ఉస్తాద్‌గారు, ఉదయం బరువు 53 దగ్గర నిలవడం లేదని, వచ్చే ఏడాది 57 కిలోల తరగతిలో దించుదామని అన్నారు. అమ్మాయి మొదట ఒప్పుకోలేదు, అక్కడ అందరూ తనకన్నా బలమైనవారని దిగులు పడింది. అప్పుడు సాక్షి మలిక్ సంగతి గుర్తు చేశాను. రియోలో 58 కిలోల తరగతిలో 0-5తో వెనకబడి, కిర్గిజ్‌స్థాన్‌కు చెందిన టినిబెకోవాను 8-5తో ఓడించి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళా మల్లయోధురాలయిన సాక్షి, తర్వాత 62 కిలోలకు పెరిగి 2018 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం, 2022లో స్వర్ణం అందుకుంది. కిందికి దిగే దారి ఒక్కటే కాదని ఆ అంకెలు నాకన్నా బాగా చెప్పాయి.

ఈ ఆదివారం ఉదయం కాటా 54.90 చూపింది. అమ్మాయి అది పుస్తకంలో రాసుకొని, వంటింట్లోకి వెళ్లి తనే పెరుగన్నం కలుపుకుంది.