ఎర్ర గింజా, బాతుల జంటా, ఎర్ర దారమా? చైనా ప్రేమగుర్తుల్లో ఏది మేలు

చైనావాళ్లకి ప్రేమగుర్తులు చాలానే ఉన్నాయి గానీ ఎక్కువగా వినపడేవి మూడు, హోంగ్‌డౌ అనే ఎర్ర గింజ, యువాన్‌యాంగ్ బాతుల జంట, పెళ్లి జంటల్ని కలిపే దేవుడు యుయెలావ్ ముసలాయన ఎర్ర దారం. నన్నడిగితే గింజే.

ముందు బాతులు. యువాన్ అంటే మగది, యాంగ్ అంటే ఆడది, పేరులోనే జంట ఉంది, అందుకే పెళ్లి దుప్పట్ల మీదా దిండ్ల మీదా వీటినే కుడతారు. టాంగ్ రాజుల కాలం (7 నుంచి 10వ శతాబ్దం) కవి లూ ఝావోలిన్ అయితే ఈ బాతుల్లా బతికే భాగ్యం ఉంటే దేవతల్ని చూసి కూడా అసూయపడనన్నాడు. ఎంత బాగుందో! కానీ నిజం బాతుల దగ్గర గుడ్లు పొదిగేదీ పిల్లల్ని పెంచేదీ ఆడదే, పిల్లలు బయటికొచ్చే లోపే మగది మామూలుగా వెళ్లిపోతుంది. అది తెలిశాక నాకు మనసొప్పలేదు. పెళ్లి కానుకగా అందమే, ఒట్టేసి ఇచ్చే గుర్తుగా మాత్రం వద్దు.

ఎర్ర దారం కథ మాత్రం గట్టిది. వేయ్ గు అనే కుర్రాడికి రాత్రిపూట వెన్నెల్లో పుస్తకం చదువుతున్న ఆ ముసలాయన యుయెలావ్ కనపడి, నీ కాలికి దారం కట్టేశా, అవతలి కొస కూరగాయలమ్మే ఆమె దగ్గరున్న మూడేళ్ల పిల్ల కాలికుంది అంటాడు, వీడికి కోపమొచ్చి ఆ పిల్లని చంపమని నౌకర్ని పంపిస్తాడు, కత్తి కనుబొమల మధ్య తగిలి పిల్ల బతుకుతుంది, 14 ఏళ్ల తర్వాత పెద్ద అధికారి ఇంటి అమ్మాయిని చేసుకుంటే ఆమె నుదుటి మీద బొట్టులాంటి అలంకారం కింద ఆ మచ్చే. ఒళ్లు జలదరిస్తుంది. తైవాన్ రాజధాని తైపేలో షియాహాయ్ గుడికి వెళ్లి పెళ్లి కానివాళ్లు ఇప్పటికీ ఈ దారం తెచ్చుకుంటారు. అయితే అది దేవుడు కట్టేది, ఇద్దరూ ఇష్టపడి ఒకరికొకరు ఇచ్చుకునేది కాదు కదా.

గింజ అలా కాదు, దూరంగా ఉన్న మనిషికోసమే అది. టాంగ్ కవి వాంగ్ వేయ్ దీని మీద రాసింది ఇరవయ్యే అక్షరాలు: ఎర్ర గింజలు దక్షిణాన కాస్తాయి, వసంతంలో ఎన్ని కొమ్మలేశాయో, నువ్వు బాగా ఏరుకో, బెంగని గుర్తుచేసేది ఇదే. నిజానికి కొన్ని ప్రతుల్లో ఇది లీ గుయ్‌నియాన్ అనే పాటగాడికి, అంటే స్నేహితుడికి ఇచ్చిన పద్యం, ప్రేమికులు తర్వాత తమదిగా చేసుకున్నారు. సరిహద్దులో చనిపోయిన మొగుడికోసం చెట్టుకింద ఏడ్చి ఏడ్చి ప్రాణం విడిచిన ఆమె కథ కూడా దీనికుంది. వీటన్నిటికంటే నాకు ఇంకో టాంగ్ కవి వెన్ టింగ్‌యున్ మాటే ఇష్టం, ఎముకతో చేసిన పాచికలో ఎర్ర గింజ పొదిగి, బెంగ ఎముకల్లోకి దిగింది, నీకు తెలుసా అని అడుగుతాడు!

ఇంకో సంగతి, చైనాలో షియాంగ్‌సి‌జి, అంటే బెంగ గింజ, అని పిలిచేది మన గురివిందనే. మన కంసాలులు బంగారం తూచిన గింజ, తన నలుపు తానెరగదని మనం సామెత చెప్పుకునే గింజ, అక్కడ విరహానికి గుర్తయింది, ఇది తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో. కాకపోతే హోంగ్‌డౌ అనే పేరు ఒక్క చెట్టుది కాదు, నల్ల మచ్చ లేకుండా మొత్తం ఎర్రగా ఉండే బండి గురివిందకీ అదే పేరు, వాళ్లు స్వీట్లలో వేసుకునే ఎర్ర చిక్కుడు గింజలకీ అదే పేరు.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. గురివింద విషం, పై తొక్క గట్టిది కాబట్టి అలాగే మింగితే ఒక్కోసారి ఏమీ కాదు గానీ నమిలినా, చిల్లు పడినది మింగినా ప్రాణం మీదకొస్తుంది, దండలు బ్రేస్‌లెట్లు చేయాలంటే చిల్లు పెట్టాల్సిందే. చిన్నపిల్లలున్న ఇంటికైతే మచ్చలేని బండి గురివిందే తీసుకోండి, దాన్నైనా వాళ్ల చేతికి అందనంత ఎత్తులో పెట్టండి.