ఆరేళ్ళు, రెండు పెట్టెలు, ఒక కేబుల్ లాక్: పిల్లలున్న ఇంట్లో గన్ సేఫ్ వాడాక

డాలస్ దగ్గర మేముండే కాలనీలో 2019లో వరసగా రెండు తెలుగువాళ్ళ ఇళ్ళలో బంగారం పోయింది. ఆ నెలలోనే మా ఆయన నైన్ ఎంఎం పిస్టల్ కొన్నారు. నాకు ఇష్టం లేదు. అప్పటికి బాబుకి ఏడేళ్ళు, పాపకి మూడు. చాలా రోజులు వాదించుకున్నాక, "సరే, ఉంచుకోండి. తాళం సంగతి మాత్రం నేను చూస్తాను" అన్నాను. అప్పటి నుంచి ఆ పని నాదే. అందుకే ఇక్కడ రాసేదంతా పెట్టెల గురించీ తాళాల గురించీ.

మొదట కేబుల్ లాక్, అంటే గన్ లోపలి నుంచి దూర్చి వేసే తీగ తాళం. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర హ్యాండ్‌గన్ కొంటే ఏదో ఒక తాళం ఇచ్చి తీరాలని 2005 నుంచి ఫెడరల్ చట్టం ఉంది, మాకూ అలాగే వచ్చింది. మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బీ) తీసేసి, స్లైడ్ (గన్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి, ఛాంబర్ (పేలబోయే తూటా ఉండే చోటు) ఖాళీగా ఉందో లేదో కళ్ళతో చూసి, ఆపైన వేలు పెట్టి చూసి, పైనున్న కంతలోంచి కేబుల్ దూర్చి కింద మ్యాగజైన్ పట్టే చోటు నుంచి బయటికి తీసి తాళం వెయ్యాలి. ఇక స్లైడ్ మూసుకోదు, గన్ పేలదు. ఛాంబర్ మాట ఎందుకు ఒత్తి చెబుతున్నానంటే, మ్యాగజైన్ తీసేస్తే గన్ ఖాళీ అయిపోయిందని నేనూ మొదట్లో అనుకున్నాను. లోపల ఒక తూటా మిగిలిపోవచ్చు. కేబుల్ లాక్ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. కాకపోతే గన్ కంటికి కనిపిస్తూనే ఉంటుంది, దొంగ ఎత్తుకుపోతే ఆపేదేమీ లేదు. రోజువారీకి పెట్టె కావాల్సిందే.

రెండోది మంచం పక్కన పెట్టుకునే వేలిముద్ర పెట్టె. దాదాపు 150 డాలర్లు. మొదటి రెండేళ్ళు ఏ లోటూ లేదు. నేను వంటింట్లోంచి తడి చేతులతో వెళ్తే మటుకు తెరుచుకునేది కాదు, అంతే. మా అత్తయ్య ఆరు నెలలు ఉండడానికి వచ్చినప్పుడు నగల పెట్టె అనుకున్నారు. విషయం చెప్పాక ఆ గదిలోకి పాపని ఒక్కదాన్నీ పోనిచ్చేవారు కాదు.

2021 వేసవిలో ఒక ఆదివారం బ్యాటరీలు అయిపోయాయి. గన్‌కి కేబుల్ వేసి పై అరలో పెట్టి, ఖాళీ పెట్టె డైనింగ్ టేబుల్ మీదకి తెచ్చి మా ఆయన బ్యాటరీలు మార్చారు. పాప వచ్చి నాన్నలాగే బొటనవేలు ఆనించింది. ఆకుపచ్చ లైటు వెలిగింది, మూత టక్కున లేచింది. చప్పట్లు కొట్టింది నా తల్లి. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. బ్యాటరీలు తీసినప్పుడు పాత వేలిముద్రలు చెరిగిపోయాయట. కొత్తగా నమోదు చేసేదాకా ఆ పెట్టె ఎవరి వేలికైనా తెరుచుకుంటుంది. నేను ఇంకా తేరుకోకముందే మా బాబు, "అది పాడైతే తాళంచెవి ఉందిగా అమ్మా, దేవుడి దగ్గర కుంకుమ భరిణ వెనకాల" అన్నాడు. ఆ చెవి అక్కడ ఉందని మా ఇద్దరికే తెలుసని రెండేళ్ళుగా నమ్ముతున్నాం.

కంపెనీ పేరు రాయను. ఒక్క కంపెనీ జబ్బు కూడా కాదిది. 2023 అక్టోబరులో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ ఈ రకం పెట్టెలు దాదాపు 61,000 వెనక్కి పిలిపించింది, పన్నెండేళ్ళ పిల్లాడు చనిపోయాక. వేలిముద్ర పెట్టె ఇప్పటికే ఇంట్లో ఉంటే ఈ రాత్రే గన్ బయటికి తీసి, ఖాళీ పెట్టె మీద ఇంట్లో అందరి వేళ్ళూ పెట్టించి చూడండి. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ మళ్ళీ చూడండి.

"మా పిల్లలకి నేర్పాం, ముట్టుకోరు" అనే మాట నేను చాలామంది నోట విన్నాను. 2001లో అచ్చయిన ఒక అధ్యయనంలో 8 నుంచి 12 ఏళ్ళ అబ్బాయిలు 64 మందిని చిన్న గుంపులుగా ఒక గదిలో వదిలారు. డ్రాయర్‌లో పేలని నిజం గన్ ఒకటి దాచారు. 48 మందికి దొరికింది, 30 మంది చేతిలోకి తీసుకున్నారు, 16 మంది ట్రిగ్గర్ నొక్కారు. అలా ముట్టుకున్నవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా గన్ జాగ్రత్తలు అంతకుముందు విన్నవాళ్ళే. నేర్పడం మానొద్దు. మేమూ నేర్పాం: కనిపిస్తే ఆగు, ముట్టుకోకు, అక్కణ్ణుంచి వచ్చెయ్, పెద్దవాళ్ళకి చెప్పు. అయితే ఆ నాలుగు మాటల మీద భారం వేసి నేను నిద్రపోలేను.

ఇప్పుడు వాడుతున్నది ఐదు బటన్ల మెకానికల్ తాళం పెట్టె. దాదాపు 250 డాలర్లు. బ్యాటరీ లేదు, వేలిముద్ర లేదు, స్పేర్ తాళంచెవి అసలే లేదు. నాకు బాగా నచ్చింది ఆ చివరిదే. క్లోజెట్‌లో గోడ లోపలి కలపకి పొడుగు స్క్రూలతో బిగించాం. నాలుగేళ్ళలో ఒక్కసారీ మొరాయించలేదు, చీకట్లో వేళ్ళ లెక్కతోనే తెరుచుకుంటుంది. లోపలి ఫోమ్ చెమ్మ పట్టి స్లైడ్ మీద తుప్పు మచ్చ వచ్చింది, అప్పటి నుంచి చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు మారుస్తున్నాం. అసలు లోపం వేరే ఉంది. ఐదే బటన్లు కాబట్టి కాంబినేషన్లు వెయ్యికి కాస్త పైన, అంతే. ఓపికున్న పిల్లాడికి సెలవుల్లో రెండు రోజుల పని.

మా బాబుకి ఇప్పుడు పదమూడు. చిన్నపిల్లల విషయంలో భయం పొరపాటు గురించి, ఈ వయసులో నా భయం మనసు బాగాలేని ఒక్క గంట గురించి. 2020 నుంచి అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ళ పిల్లల చావులకి తుపాకులే మొదటి కారణం, అందులో ప్రాణం తీసుకున్న పిల్లలూ ఉన్నారు. అందుకే నిరుడు తూటాలు వేరే గదిలో వేరే తాళంలోకి మార్చాను. మా ఆయన, "దొంగ వచ్చాక రెండు గదులు తిరగమంటావా?" అన్నారు. తిరగమనే అన్నాను. పిల్లల డాక్టర్ కూడా గన్ ఖాళీగా తాళంలో, తూటాలు విడిగా తాళంలో ఉండాలనే చెప్పారు. అసలు లేకపోతే ఇంకా మంచిదన్నారు, ఆ వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు. టెక్సస్‌లో 17 లోపు పిల్లల చేతికి గన్ అందేలా అజాగ్రత్తగా వదిలేస్తే నేరం కూడా. నాకు ఆ చట్టం కంటే పాప చప్పట్లే గుర్తుంటాయి.

మన పెట్టె మన ఇంటి వరకే. పాపని స్నేహితురాలి ఇంట్లో ఆ రాత్రికి పడుకోబెట్టాలంటే నేను ముందే ఫోన్ చేసి అడుగుతాను. మొదటిసారి అడగడానికి గొంతు పెగల్లేదు. "ఏమనుకోకండి, మా ఇంట్లో ఉంది కాబట్టి అడుగుతున్నా. మీ ఇంట్లో గన్ ఉందా? ఉంటే తాళంలోనే ఉందా?" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "మా ఆయన కారు గ్లవ్ బాక్సులో ఉంటుందండీ. తాళం వేస్తారో లేదో నేనెప్పుడూ చూడలేదు" అన్నారు. ఆ రాత్రికి పాపనీ, ఆ స్నేహితురాలినీ మా ఇంట్లోనే పడుకోబెట్టాం. మర్నాడు పోలీస్ స్టేషన్‌లో ఉచితంగా ఇచ్చే కేబుల్ లాక్ తెచ్చుకుని, ఎలా వెయ్యాలో చూపించమని భార్యాభర్తలిద్దరూ మా గుమ్మంలో నిలబడ్డారు.