‘ఐదేళ్లకు అసలు చేతికొస్తుంది’ అని చెప్పి అమ్మే బాండ్లతో జాగ్రత్త

బాండ్లు కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి.

ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదే, వడ్డీ కాస్త ఎక్కువ, ఐదేళ్లకు అసలు చేతికొస్తుంది అని ఒక ఏజెంటు నాకు ఓ బ్యాంకు బాండు అంటగట్టాడు. పాప కాలేజీ ఫీజుకు ఆ తేదీనే నమ్ముకుని కూర్చున్నాం. తేదీ వచ్చింది, డబ్బు రాలేదు. ఫోన్ చేస్తే ‘బ్యాంకు కాల్ చెయ్యలేదండీ’ అన్నాడు.

అప్పుడు తీశాను పత్రాలు. మెచ్యూరిటీ అన్న గడిలో తేదీ లేదు, ‘పర్పెచ్యువల్’ అని ఒక్క మాట ఉంది. అంటే అసలు తిరిగివ్వడానికి గడువంటూ లేదు. ఐదో ఏట ‘కాల్’ చేసే, అంటే అసలు తిరిగిచ్చి బాండును ముగించే హక్కు బ్యాంకుది, మనది కాదు. ఈలోగా వడ్డీ రేట్లు పెరిగాయి. కొత్త అప్పు ఖరీదైంది కాబట్టి బ్యాంకు పాతదాన్నే ఉంచుకుంది. అమ్ముదామంటే కొనేవాళ్లే లేరు. ఫీజు గడువు దగ్గరపడుతుంటే, వందకు కొన్నదాన్ని ఎనభై ఒకటికి వదులుకున్నాను.

ఇదే ఏటీ1 (అడిషనల్ టయర్ 1) రకం, అంటే బ్యాంకు తన మూలధనం కింద లెక్కేసుకునే బాండు. ఇందులో బ్యాంకు వడ్డీ ఆపేసినా ఎగవేత కిందికి రాదు. బ్యాంకు మూలధనం బాగా తరిగిపోతే మన అసలుకే ఎసరు. 2023 మార్చిలో చిక్కుల్లో పడ్డ స్విట్జర్లాండ్ బ్యాంకు క్రెడిట్ స్విస్‌ను అక్కడి మరో బ్యాంకు యూబీఎస్‌కు అప్పగించినప్పుడు దాదాపు 1,600 కోట్ల స్విస్ ఫ్రాంకుల ఏటీ1 బాండ్లను సున్నా చేశారు. వాటాదారులకు మాత్రం ఎంతో కొంత ముట్టింది!

ప్రభుత్వ బాండయితే ఎగ్గొట్టే భయం తక్కువే. కానీ రేట్లు పెరిగితే దాని ధర కూడా పడుతుంది, గడువు ఎంత దూరమైతే అంత ఎక్కువగా. డ్యూరేషన్ (రేటు మారితే ధర ఎంత మారుతుందో చెప్పే కొలత) 10 ఉన్న బాండు, రేటు ఒక శాతం పెరిగితే సుమారు 10 శాతం పడుతుంది. గడువుదాకా ఆగగలిగితే అసలు పూర్తిగా వస్తుంది, మధ్యలో అమ్మాల్సి వస్తేనే దెబ్బ.

కంపెనీ బాండయితే సెక్యూర్డా (ఆస్తి హామీ ఉన్నదా), అన్‌సెక్యూర్డా (హామీ లేనిదా), సబార్డినేటెడా (మిగతా అప్పులు తీరాకే చెల్లించేదా) అని అడగండి. దివాలా తీస్తే డబ్బు పంచేది ఆ వరుసలోనే. రేటింగ్ చూసి ధీమా పడకండి. 2008 సెప్టెంబరులో దివాలా తీసేదాకా అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమాన్ బ్రదర్స్‌కు ‘ఎ’ శ్రేణి రేటింగే ఉంది.

ఇప్పటికే కొన్నవాళ్లు ఆ మెచ్యూరిటీ గడి ఇవాళే చూసుకోండి. తేదీ లేకపోతే ఆ డబ్బును ఏ ఫీజు లెక్కలోనూ వేసుకోకండి.