పెదనాన్న తెచ్చిన అమెరికా స్టీరియో: నాలుగేళ్ల వాడకం తర్వాత

1983లో మా పెదనాన్న షికాగో నుంచి విజయవాడకు తిరిగివస్తూ ఒక బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్‌ను (మోటారు బెల్టుతో తిప్పే రికార్డు ప్లేయర్), ఛానల్‌కు 15 వాట్లిచ్చే రిసీవర్‌ను (రేడియో, యాంప్లిఫయర్ కలిసిన పెట్టె), రెండు స్పీకర్లను వెంట తెచ్చారు. అన్నీ జపాన్ సరుకే గాని అమెరికాలో అమ్మకానికి చేసినవి కావడంతో వెనకవైపు 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసి ఉంది. వోల్టుల సంగతి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో తీరిపోయింది, రెండో అంకెను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. గొంతులన్నీ బొంగురుగా వస్తున్నాయని, రికార్డులే పాడైపోయాయని తీర్మానించి కొన్నాళ్లకే సెట్టును అటకెక్కించారు. దానిని హైదరాబాదుకు తెచ్చి బాగుచేయించుకుని నాలుగేళ్లుగా దాదాపు ప్రతి ఆదివారం వింటున్నాను.

రిసీవర్ మరమ్మతు అనుకున్నంత కష్టం కాలేదు. ఏళ్ల తరబడి మూలనపడిన సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టకూడదని, ముందుగా సీరీస్ బల్బు మీద, అంటే కరెంటు ఒక బల్బు గుండా వచ్చేలా, పెట్టి చూడాలని మెకానిక్ చెప్పాడు. లోపల ఎక్కడైనా షార్టుంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, సెట్టు మాత్రం కాలిపోదు. మాది ఒక్కసారి మెరిసి మందగించింది. కోఠి గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు కొని పాతవన్నీ మార్పించాక హమ్మింగ్ పోయింది. వాల్యూమ్ నాబ్ గరగర క్లీనర్ స్ప్రేతో తగ్గింది. వూఫర్ల (మంద్ర శబ్దాలిచ్చే పెద్ద స్పీకర్ల) చుట్టూ ఉండే ఫోమ్ అంచు వేలితో తాకితే తారులా అంటుకుంది గనుక దానిని కూడా కొత్తది వేయించాను.

అసలు చిక్కు టర్న్‌టేబుల్‌తో వచ్చింది. కొత్త బెల్టు వేసి, ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం ఎల్పీ పెట్టగానే, సంగీతం పాఠాలు చెప్పే మా అత్తయ్య వంటింట్లోంచే, “ఒరేయ్, శ్రుతి అంత కిందికి దిగిందేమిట్రా?” అని అడిగింది. నేను స్ట్రోబ్ (వేగం సరిచూసే చుక్కల వరస) చూపించాను. ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) అంచున ఉండే చుక్కలు నియాన్ దీపం వెలుగులో కదలకుండా నిలబడితే వేగం సరిగ్గా ఉన్నట్టు లెక్క, అవి బొమ్మ గీసినట్టు నిలబడే ఉన్నాయి. అత్తయ్య ఒప్పుకోలేదు, ఆవిడ చెప్పిందే నిజమైంది. ఆ మోటారు సింక్రనస్ రకం కాబట్టి కరెంటు ఫ్రీక్వెన్సీని, అంటే అది సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్కను, బట్టి తిరుగుతుంది. మన దేశంలో అది 50 హెర్ట్జే గనుక నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన రికార్డు 28 కూడా తిరగడం లేదు. నియాన్ దీపం కూడా అదే కరెంటు మీద అంతే నెమ్మదిగా మినుకుతుంది కాబట్టి రెండు తప్పులూ ఒకదానికొకటి సరిపోయి చుక్కలు నిలబడ్డట్టు కనిపించాయి. సంగీతం భాషలో చెప్పాలంటే, ఐదు శ్రుతిలో పాడింది మూడుకు దిగిపోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మారుస్తుంది గాని ఫ్రీక్వెన్సీని మార్చదు. అందుకని మోటారు మీద బెల్టును తిప్పే పుల్లీనే (చిన్న చక్రాన్నే) అయిదో వంతు లావుగా చేయించాలి. బాలానగర్‌లో ఒక లేత్ షాపులో ఇత్తడితో చేయించిన మొదటి పుల్లీతో వేగం ఇంకా కాస్త తక్కువే వచ్చింది, ఎందుకంటే నేను ఇచ్చిన కొలతలో బెల్టు మందాన్ని కలపడం మరిచిపోయాను. రెండోసారి కుదిరింది. 50 హెర్ట్జ్‌కు సరిపోయే 180 గీతలున్న కాగితపు స్ట్రోబ్‌ను ప్లాటర్ మీద పరిచి పాత చోక్ ట్యూబ్‌లైటు కింద చూస్తే గీతలు నిలబడ్డాయి, అయినా అత్తయ్య హార్మోనియం మీద శ్రుతి సరిచూసుకున్నాకే తలూపింది.

కార్ట్రిడ్జిగా (సూదిని పట్టి ఉంచే భాగం) ఆడియో టెక్నికా వీఎం95ఈ బిగించి, సూది రికార్డు మీద రెండు గ్రాముల బరువుతో ఆనేలా పెట్టాను. ఆ ఎలిప్టికల్ సూది సుమారు 300 గంటలు వస్తుందని కంపెనీ చెబుతుంది. నేను పుస్తకంలో గంటలు రాసుకుని ఆ లెక్క దాటగానే సూది మార్చాను, నాకు తేడా పెద్దగా వినిపించలేదు గాని అరిగిన సూది రికార్డు గాడిని కోసేస్తుందన్న భయం ఉంది. పాత రిసీవర్‌లో టర్న్‌టేబుల్ కోసమే ఉండే ఫోనో ఇన్‌పుట్ ఉండడం వల్ల విడిగా ప్రీయాంప్ (సూది నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెంచేది) కొనవలసిన అవసరం రాలేదు. ఈ సెట్టు మీద 33, 45 వేగాలే ఉన్నాయి, కాబట్టి తాతయ్య వదిలిన 78 వేగం రికార్డులు పెట్టెలోనే ఉన్నాయి.

వినైల్ శబ్దం సీడీ కన్నా గొప్పదని నేను అనను. చిటపటలు ఉంటాయి, లోపలి గాడుల దగ్గరికి వచ్చేసరికి ‘స’, ‘శ’లు చెదురుతాయి, ఇరవై నిమిషాలకోసారి లేచి రికార్డు తిప్పాలి. నాకు మాత్రం ఘంటసాల గారి భగవద్గీత ఈ సెట్టు మీదే మళ్లీ దక్కింది. అంతిమయాత్ర బండ్ల మైకుల్లో వినీ వినీ ఆ గొంతు వినపడితే చాలు ఎవరు పోయారో అనుకునే స్థితికి వచ్చాను. బూజు పట్టిన ఆ ఎల్పీని డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి పెట్టినప్పుడు, శ్లోకం ముగించి తాత్పర్యం ఎత్తుకునే ముందు ఆయన తీసుకునే ఊపిరి వినిపించింది.

మరమ్మతుకు, కార్ట్రిడ్జికి కలిపి నాకు 19 వేలు అయింది. అందులో స్పీకర్ల వైర్లకు పోసిన రెండున్నర వేలు దండగ, పుల్లీకి ఇచ్చిన 600 మాత్రం అన్నిటికన్నా బాగా ఖర్చుపెట్టిన డబ్బు. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా స్పీకర్లలో ‘టప్’మనే చప్పుడు ఈరోజుకీ పోలేదు, రికార్డు పెట్టే ముందు ఫ్రిజ్ ప్లగ్గు తీసేస్తున్నాను.