బరువు మోసే వేట బ్యాక్‌ప్యాక్: సంచి కంటే ముందు సస్పెన్షన్‌ను పరిశీలించాలి

వేట బ్యాక్‌ప్యాక్ కొనేవారిలో చాలామంది సంచిలో ఎన్ని లీటర్ల చోటు ఉంది, జేబులు ఎన్ని, బట్ట ఏ రంగులో ఉంది అన్నవే ముందుగా చూస్తారు. ఎల్క్ లేదా మూస్ వంటి పెద్ద జంతువు పడిన తరువాత ఇవేవీ పెద్దగా అక్కరకు రావు. ఎముకతో ఉన్న ఎల్క్ వెనుక తొడ ఒక్కటే సుమారు 25 నుంచి 35 కిలోలు తూగుతుంది. దానికి డేరా, పడక, నీళ్లు, తుపాకీ తోడైతే వీపు మీద 45 కిలోల వరకు చేరుతుంది. కాబట్టి వెళ్లేటప్పటి బరువును కాక, తిరిగి వచ్చేటప్పటి బరువును దృష్టిలో పెట్టుకొని ఎంచుకోవాలి. ఆ బరువును నడుము మీదికి దించే భాగాలనే, అంటే ఫ్రేమ్, హిప్ బెల్ట్ (నడుము పట్టీ), భుజపట్టీలు, వాటిని ఫ్రేమ్ పైభాగానికి కలిపే చిన్న పట్టీలైన లోడ్ లిఫ్టర్లను కలిపి సస్పెన్షన్ అంటున్నాం. ఈ సమీక్ష వాటికే పరిమితం.

బరువు భుజాల మీద కాక తుంటి మీద నిలవాలన్న ఆలోచన కొత్తది కాదు. డిక్ కెల్టీ అనే అమెరికన్ 1952లో అల్యూమినియం గొట్టాల ఫ్రేమ్‌తో సంచులు అమ్మడం మొదలుపెట్టి, నడుము పట్టీని సంచికి ప్రధానమైన ఆధారంగా మార్చాడు. ఆ తరువాత వచ్చిన మార్పులన్నీ ఒక్క చిక్కు చుట్టూనే తిరిగాయి: ఫ్రేమ్ నిలువుగా ఏమాత్రం కుంగకూడదు, కానీ నడిచేటప్పుడు తుంటి ఒకవైపు, భుజాలు మరొకవైపు తిరుగుతాయి కనుక అడ్డంగా కొంత మెలి తిరగగలగాలి. ఈ రెండింటిలో ఒకటే ఉన్న ఫ్రేమ్ చదునైన దారిలో బాగానే అనిపిస్తుంది. రాళ్ల గుట్ట దిగేటప్పుడు అసలు సంగతి తెలుస్తుంది.

ఫ్రేమ్‌లో మొదట చూడవలసినది ఎత్తు. మెడ వెనుక, తల వంచినప్పుడు పొడుచుకువచ్చే ఎముక నుంచి తుంటి ఎముక పైఅంచు ఎత్తు వరకు వీపు పొడవును కొలవాలి. మనిషి ఎత్తును బట్టి లెక్క వేస్తే కుదరదు, ఎందుకంటే ఒకే ఎత్తున్న ఇద్దరి వీపు పొడవులు చాలా తేడాగా ఉండవచ్చు. బరువు మోసే ఫ్రేమ్ పైకొస భుజాల కంటే కనీసం రెండు మూడు అంగుళాలు పైకి ఉండాలి. అప్పుడే లోడ్ లిఫ్టర్లు భుజపట్టీల నుంచి వాలుగా పైకి వెళ్లి, బరువును భుజాల మీది నుంచి పైకి, ముందుకు లాగగలుగుతాయి. ఫ్రేమ్ పొట్టిగా ఉంటే అవి అడ్డంగా సాగి, భుజపట్టీని వెనక్కి నొక్కుతాయే తప్ప బరువు తగ్గించవు. ఫోటోల్లో తేలికగా, ముచ్చటగా కనిపించే చిన్న ఫ్రేమ్‌లు చాలావరకు ఇక్కడే చతికిలపడతాయి. ఇప్పటి వేట ఫ్రేమ్‌లలో 24, 26 అంగుళాల ఎత్తులు తరచుగా కనిపిస్తాయి. వీపు పొడవైనవారు 26ను వదులుకొని తేలికదనం కోసం 24ను తీసుకోవడం తెలివైన బేరం కాదని నా అభిప్రాయం.

ఏ పదార్థంతో ఫ్రేమ్ చేశారన్నది ఆ తరువాతి సంగతి. తయారీదారుల్లో ఎక్సో మౌంటెన్ గేర్ టైటానియం కడ్డీలను, క్యూయూ కార్బన్ ఫైబర్‌ను, సీక్ అవుట్‌సైడ్ పైకి పొడిగించుకోగల అల్యూమినియం గొట్టాలను వాడతాయి. ఫ్రేమ్‌లో నిలువుగా ఉండే అల్యూమినియం కడ్డీలకు (స్టేలకు) ఉన్న మేలు ఏమిటంటే, వాటిని మోకాలి మీద పెట్టి వంచి సొంత వీపు వంపుకు సరిచేసుకోవచ్చు. కార్బన్‌తో ఆ వెసులుబాటు ఉండదు, తయారీదారు ఇచ్చిన వంపే మన వంపు కావాలి. పదార్థం గురించి జరిగే వాదనలు నాకు కొంత అతిగానే అనిపిస్తాయి. వీపు వంపుకు కుదిరిన సాధారణ అల్యూమినియం, కుదరని కార్బన్ కంటే ఎక్కువ దూరం మోయనిస్తుంది.

నడుము పట్టీ దగ్గర మాత్రం రాజీ పడకూడదు, ఎందుకంటే చాలా సంచులు ఓడిపోయేది ఇక్కడే. పట్టీ వెడల్పులో మధ్యభాగం తుంటి ఎముక పైఅంచు మీద కూర్చోవాలి. పైకి ఉంటే పొట్టను నొక్కుతుంది, కిందికి ఉంటే జారుతుంది. దుకాణంలో వేలితో నొక్కితే దిగబడే మెత్తని ప్యాడ్ మొదట సుఖంగా తోచినా, 35 కిలోల కింద అది పలచబడి, పట్టీ అంచు ఎముకకు తగులుతుంది. గట్టి నురుగుతో చేసి, తుంటి ఆకారానికి తగినట్టు కొంచెం వాలుగా కోసిన పట్టీ మేలు. పూర్తిగా బిగించాక ముందు రెండు ప్యాడ్‌ల మధ్య కొన్ని అంగుళాల ఖాళీ మిగలాలి. మిగలకపోతే, నడకలో ఒళ్లు కాస్త తగ్గినా ఇంకా బిగించడానికి చోటుండదు. అయితే బిగింపుకూ హద్దు ఉంది. తొడ బయటివైపు తిమ్మిరి పట్టిందంటే పట్టీ అక్కడి నరాన్ని నొక్కుతోందని అర్థం. అప్పుడు పట్టీని వదులు చేసి, స్థానం మార్చుకోవాలి. సంచి పట్టీ కింద ప్యాంటు బెల్టు, దాని బకిల్, కత్తి ఒర ఉన్నప్పుడు పుట్టే పుండ్లకు సంచిని తిట్టుకోవడం న్యాయం కాదు. ప్యాంటుకు భుజాల మీదుగా పోయే సస్పెండర్లు వేసుకుంటే ఆ గొడవ ఉండదు.

మిస్టరీ రాంచ్, స్టోన్ గ్లేషియర్, కిఫారు, ఎక్సో వంటి తయారీదారుల సంచుల్లో సంచినీ ఫ్రేమ్‌నూ వేరుచేసి, మధ్యలో మాంసం పెట్టుకునే లోడ్ షెల్ఫ్ ఉంటుంది. దీన్ని నేను అలంకారంగా చూడను. మాంసం వీపుకు అంటుకొని, భుజం ఎముకల మధ్యకు వచ్చేలా కట్టినప్పుడు మనిషి ముందుకు వంగడం తగ్గుతుంది. అదే మాంసాన్ని సంచి లోపల వేస్తే సగం నిండిన గోనెసంచిలా అడుగుకు జారి, వెనక్కి లాగుతుంది. ఎముక తీసిన మాంసానికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ, అది నీటిలా పల్లానికి పోతుంది. అందువల్ల షెల్ఫ్ అడుగుభాగం బలంగా ఉందా, పక్కల నుంచి లాగి బిగించే పట్టీలు కనీసం మూడు ఎత్తుల్లో ఉన్నాయా అని చూసుకోవాలి. సంచిని నిండా కుక్కినప్పుడు ఫ్రేమ్ వీపువైపు ఉబ్బితే, అందులో అడ్డపు బలం చాలదని గ్రహించవచ్చు.

కొన్న సంచిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. 30 కిలోల ఇసుక సంచులను షెల్ఫ్‌లో పెట్టి, పట్టీలన్నీ వదులు చేసి, కొంచెం ముందుకు వంగి ముందుగా నడుము పట్టీని బిగించాలి. తరువాత భుజపట్టీలు, ఆ తరువాత లోడ్ లిఫ్టర్లు, చివరగా ఛాతీ పట్టీ. ఇప్పుడు భుజపట్టీలను కాస్త వదిలితే బరువు నడుము మీదే నిలబడాలి. పట్టీ పైఅంచు ఎక్కడుందో ప్యాంటు మీద ఒక టేపు ముక్క అంటించి, మెట్లు ఎక్కి దిగుతూ గంటసేపు నడిచి, మళ్లీ చూడాలి. అంచు వేలి వెడల్పు దిగితే సర్దుకోవచ్చు. అరచేయి వెడల్పు దిగిన పట్టీని ఏ సర్దుబాటూ కాపాడదు. నా చేతికి వచ్చిన ఒక ఖరీదైన సంచిలో ప్యాడ్ కదలలేదు, బకిల్‌లోని పట్టీయే కొద్దికొద్దిగా వెనక్కి జారింది. తయారీదారు బకిల్ మార్చి ఇచ్చిన తరువాత గానీ అది నిలవలేదు. ఈ లోపం దుకాణంలో నిలబడి చూస్తే ఎవరికీ కనిపించదు, కాబట్టి తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే ఈ నడక పూర్తి చేయాలి.

నడుము పట్టీని విడిగా, కొలత ప్రకారం ఎంచుకోనిచ్చే తయారీదారుకే నా ఓటు. సన్నని నడుము ఉన్నవారికి, ముఖ్యంగా తుంటి వాలు వేరుగా ఉండే స్త్రీలకు, అందరికీ ఒకే కొలత అనే పట్టీ సరిపడడం అరుదు. బండి ఆగే చోటుకు దగ్గరలోనే చిన్న జింకను వేటాడి, ఒక్క దఫాలో మాంసం తెచ్చుకునేవారికి ఈ ఖర్చంతా అవసరం లేదు. మంచి నడుము పట్టీ ఉన్న పాత తరహా అల్యూమినియం ఫ్రేమ్ వారికి చాలు.